మా అత్తగారు చెప్పిన అర్థం

మొన్నొక మధ్యాహ్నం సికింద్రాబాదు కార్ఖానా పేటలోని మా ఫ్లాటులో, ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు సోఫా మీద కాళ్లు చాపుకుని, చేతిలో ఫోను పట్టుకుని, "ఆబ్లో, ఆబ్లాస్..." అంటూ మధ్యలో ఆగిపోయింది. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నేను, ఏ ఆలోచనా లేకుండానే, "ఆబ్లా, ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్" అని మిగతాది అందించేశాను. పిల్ల లేచొచ్చి గుమ్మంలో నిలబడి నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఈ మధ్య కొన్ని బళ్లలో స్పానిష్ కూడా చెబుతున్నారు గనక దానికి ఆ భాష వింత కాదు, అది అమ్మమ్మ నోట రావడమే వింత. నేను ఉద్యోగం చేసి రిటైరయ్యానని తెలుసు గాని, ఆ ఉద్యోగంలో ఏం మాట్లాడేదాన్నో అదెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు ముక్కల్లో ఏదో చెప్పి దాన్ని పంపించేశాను. అసలు సంగతి మాత్రం మన ఈడువాళ్లకు చెప్పుకుంటేనే తృప్తి.

పెళ్లయి గుంటూరు వైపు నుంచి బోయిగూడలోని అత్తవారింటికి వచ్చిన కొత్తలో నాకు ఊపిరాడేది కాదు. వసారా, దాని వెనక గది, ఆ గది వెనక ఇంకో గది, చివర వంటిల్లు, ఆ పైన పక్కవాళ్ల గోడ. బయటికి దారి ఒక్కటే, ఆ దారికి అడ్డంగా మా మామగారి పడక కుర్చీ. ఆయన మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పేపరు పట్టుకుని అందులో కూర్చుంటే భోజనానికీ ప్రార్థనకీ తప్ప లేచేవారు కాదు. మనం వీధిలోకి వెళ్లాలంటే ఆయన కాళ్లు ముడుచుకోవాలి, ఆయన కాళ్లు ముడుచుకోవాలంటే ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు అన్నవాటన్నిటికీ జవాబు చెప్పుకోవాలి. పాపం, గట్టిగా ఒక్క మాట అనేవారు కాదు. పేపరు మడిచి పెట్టుకుని వినేవారు, అంతే. ఆ వినడానికే జడిసి నేను కొత్తిమీర కట్ట కూడా మావారి చేతే తెప్పించుకునేదాన్ని. ఇలాంటి కుర్చీ మీ ఇళ్లలోనూ ఒకటి ఉండే ఉంటుంది గనక ఇంతకన్నా విడమరచి చెప్పను.

ఆ ఇంట్లో మా అత్తగారు నాకన్నా ఎన్నో ఏళ్లు సీనియర్ ఖైదీ అన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. ఆవిడ అక్కడక్కడే పుట్టి పెరిగిన సికింద్రాబాదు మనిషి. ఇంట్లో ఆవిడ మాట గోడకు కూడా వినిపించేది కాదు. వారానికొకసారి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా ఇంట్లో కూడేవారు. ఆ కూడికలో ఒకావిడకు దర్శనాలు వచ్చేవి, ఇంకొకావిడ చెయ్యి పెడితే జ్వరం తగ్గుతుందనేవారు, పాస్టరమ్మగారు సరేసరి. మా అత్తగారికి మాత్రం ఏ వరమూ లేదు. చాపలు పరవడం, ఉపవాసం విడిచాక అందరికీ టీ పెట్టడం ఆవిడ వంతు.

మావారు రైల్వేలో గుమాస్తా. మంచివారే గాని, తండ్రి ఎదుట నోట్లో నాలుక లేని మనిషి. నేను రోజురోజుకీ వాడిపోవడం చూసి, తార్నాకలో విశ్వవిద్యాలయంవాళ్లు సాయంత్రాలు విదేశీ భాషలు నేర్పుతున్నారని ఎక్కడో విని, తండ్రికి సర్టిఫికెట్ల మీదున్న గౌరవాన్ని ఆసరా చేసుకుని నెమ్మదిగా ఒప్పించారు. ఫ్రెంచిలో చేరుదామని వెళితే సీట్లు అయిపోయాయన్నారు, స్పానిష్‌లో మిగిలాయన్నారు. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలియదు. అయితేనేం, బస్సులో కిటికీ పక్కన కూర్చుని తార్నాక దాకా వెళ్లి రావడం కోసమైతే నేను చైనా భాషయినా నేర్చుకుని ఉండేదాన్ని.

మా టీచరు గోవా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ. ఒక్క క్రియను పట్టుకుని అది మంచినీళ్లప్రాయమయ్యేదాకా వదలకూడదని, అది లొంగితే అదే బాటలో నడిచేవన్నీ వాటంతటవే లొంగుతాయని ఆవిడ పద్ధతి. మాకు ఇచ్చింది 'ఆబ్లార్', అంటే మాట్లాడటం. తెలుగులో మాట్లాడతాను, మాట్లాడతావు అన్నట్టే అందులోనూ మనిషిని బట్టి తోక మారుతుంది గనక మొదట్లో హుషారుగానే సాగింది. జరిగి ముగిసినదానికి ఒక వరుస, అప్పట్లో రోజూ జరుగుతూ ఉండేదానికి ఆబ్లాబా, ఆబ్లాబాస్ అని ఇంకో వరుస, రేపటికి వేరు, వీలుంటే చేద్దామనుకునేదానికి వేరు, ఆజ్ఞకు వేరు. అన్నిటికన్నా తిప్పలు పెట్టింది కోరికల వరుస. జరుగుతుందో లేదో తెలియక, జరిగితే బాగుండునని మనసులో మాత్రమే ఉన్నవాటికి ఆ క్రియ వేషం మార్చేస్తుంది. క్లాసంతా తల పట్టుకుంది గాని, మన ప్రార్థనల్లో 'కలుగును గాక' అంటామే, ఆ 'గాక' గుర్తొచ్చి నాకు టక్కున వెలిగింది. 'ఆబ్లే' అంటే ఆవిడ మాట్లాడును గాక. ఆ పూట టీచరు నన్ను అందరి ముందూ మెచ్చుకుంది. అత్తవారింటికి వచ్చాక నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు గనక, ఇక ఇంట్లో అంట్లు తోముతున్నా బియ్యం ఏరుతున్నా నాకు అదే పాట.

ఇలా ఉండగా పరీక్ష దగ్గరపడింది. దక్షిణ అమెరికా దేశాలకు మందులు పంపే కంపెనీ ఒకటి, మౌఖిక పరీక్షలో నెగ్గినవాళ్లలో ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటానందని, నీకే వస్తుందని టీచరు నాతో విడిగా చెప్పింది. ఆ ఉద్యోగం వస్తే రోజూ పొద్దున బయటికి వెళ్లి సాయంత్రం రావచ్చు. నాకు అంతకన్నా పెద్ద ఆశ లేదు. తీరా చూస్తే ఆ పరీక్ష పెట్టింది ఆదివారం పొద్దున, సరిగ్గా చర్చిలో ఆరాధన జరిగే వేళకు. మామగారు పేపరు మడిచి విన్నారు. "ఆదివారం ఆరాధన విడిచిపెట్టి పరీక్షకు పోవడం మన ఇంటా వంటా లేదు. ఆ చదువు ఇంతటితో చాలు," అన్నారు. మావారు చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయారు.

ఆ మర్నాటి నుంచి తార్నాక బస్సు కూడా బందయింది. పరీక్ష లేకపోయినా పాఠం మాత్రం నా నోటిని వదల్లేదు. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ, మంటకు కళ్లు మూసుకుని, ఆ మంటలోనే అసలు ఏడుపు కూడా కలిపేసి ఏడుస్తూ, వరసపెట్టి చదువుకుంటున్నాను. కళ్లు తెరిచేసరికి మా అత్తగారు గుమ్మంలో రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు.

"ఎప్పటిసంది వస్తున్నయి బిడ్డా నీకు భాషలు?"

పరిశుద్ధాత్మ దిగితే మనిషి తనకు తెలియని అన్యభాషల్లో మాట్లాడుతుందని వాళ్ల కూడికలో గట్టి నమ్మకం. అందరూ కోరుకునే వరం అది, ఎవరికో గాని రాదు. నేను గతుక్కుమని, అది పాఠమని, పరీక్ష కోసం బట్టీ పట్టిందని, కావాలంటే పుస్తకం చూపిస్తానని చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "పాఠమే అనుకుంటరమ్మా మొదట్ల. నువ్వు పరేషాన్ గాకు, నేనున్న గద," అని వెళ్లిపోయారు. మర్నాటికి కూడికవాళ్లందరికీ సంగతి చేరిపోయింది. నా చేతిలో చీపురు ఆవిడ లాగేసుకున్నారు, మొదటి దోసె నాకే వేశారు. పాఠమని ఎన్నిసార్లు చెప్పినా అది వినయం కిందే జమకట్టారు. నిజం చెప్పినా విడుదల దొరకని చోట ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

శుక్రవారం వచ్చింది. ముందు గదిలో చాపలు పరిచారు. తలుపు తెరిచే ఉంది, అవతల వసారాలో మామగారు. పాస్టరమ్మగారు నన్ను మధ్యలో మోకరించమన్నారు. పాటలయ్యాయి, ఒక్కొక్కరి ప్రార్థనా అయింది, ఆ తరవాత అందరూ ఒక్కసారిగా ఊరుకుని నా కోసం చూడటం మొదలుపెట్టారు. లేచి పారిపోదామంటే చుట్టూ వీళ్లు, వీళ్లను దాటితే కుర్చీ. నోరు తెరిస్తే దేవుడి పేరున నాటకమాడినట్టు, తెరవకపోతే మా అత్తగారి పరువు పోయినట్టు. అంత ఇరుకున నేను జన్మలో పడలేదు. కళ్లు గట్టిగా మూసుకుంటే, క్షమించండి, నాకు దేవుడు కనిపించలేదు, ఎల్లుండి పరీక్ష కనిపించింది, దాంతో ఏడుపొచ్చేసింది. ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, లోపల్లోపల వల్లె వేసుకోవడం. ఆబ్లే, ఆబ్లేస్, ఆబ్లే, ఆబ్లేమోస్. లోపలే అనుకుంటున్నాననుకున్నది పైకే వచ్చేసింది. వచ్చాక ఇక ఆగలేదు. ఆ వరుసయ్యాక, ఎప్పుడో జరిగి ఉంటే బాగుండేదన్న వాటి వరుస, ఆబ్లారా, ఆబ్లారాస్, ఆబ్లారా అంటూ వెక్కిళ్ల మధ్య మొత్తం అప్పజెప్పేశాను. "స్తోత్రం, స్తోత్రం" అని గది హోరెత్తిపోయింది.

భాష వస్తే దానికి ఎవరో ఒకరు అర్థం చెప్పాలని అక్కడ నియమం. పాస్టరమ్మగారు చుట్టూ చూసి, ఎవరికైనా అర్థం తెలిసిందా అని అడిగారు. దర్శనాల ఆవిడ గాని, జ్వరాల ఆవిడ గాని ఉలకలేదు పలకలేదు. అప్పుడు గోడవారగా, చాప కూడా లేకుండా గచ్చు మీద కూర్చున్న మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"ప్రభువు అంటున్నడు," అని మొదలుపెట్టారు. "ఈ ఇంట్ల ఒక ఆడిది పెండ్లయి వచ్చినకాడికెంచి నోరు తెర్వలే. తల్లి పానం మీదికొచ్చిందంటే సుత దాన్ని గడప దాటనియ్యలే, తల్లి పోయినంక పంపిచ్చిండ్రు. దాని ఏడుపు నేను ఇన్న అంటున్నడు. గిప్పుడు ఇంకొక పిల్లను సుత గట్లనే కూసుండబెడుతున్నరు, అది నాకు ఇష్టం లేదంటున్నడు. ఆ పరీక్షకు పోనియ్యుండ్రి అంటున్నడు. ఆదివారం నాదే గద, నా ఆదివారం నేనే ఇస్తున్న, నడుమ మీరెవరు అంటున్నడు."

ఆవిడకు అంత గొంతు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు కొందరు ఏడ్చేశారు. వసారాలో పేపరు చప్పుడు ఆగిపోయింది. మా మామగారికి ఈ భాషల మీద ఏ కోశానా నమ్మకం లేదు. కానీ పాస్టరమ్మగారి ఎదుట, అంతమంది విన్న మాటను తోసేస్తే రేపు సంఘంలో తలెత్తుకోలేరు. ఎల్లుండి ఆదివారం పొద్దున నేను చెప్పులు వేసుకుని వసారాలోకి వస్తే, ఆయన ఏమీ అడక్కుండా కాళ్లు ముడుచుకున్నారు.

పరీక్షలో ఆ టీచరమ్మ నన్ను అడిగింది వేరే క్రియ, అయినా అదే బాటలో నడిచేది గనక గడగడా చెప్పేశాను. ఉద్యోగం వచ్చింది. ఎక్కడో లీమాలోనూ, క్విటోలోనూ ఉన్న మందుల వ్యాపారులకు ఉత్తరాలు రాయడం, వాళ్లకు తెల్లారే వేళకు, అంటే మన సాయంత్రానికి, ఫోనులో మాట్లాడటం నా పని. రోజూ మాట్లాడి జీతం తెచ్చుకున్నాను, ఆఖరికి మేనేజరునై రిటైరయ్యాను. బయటి గాలి అంటే నాకున్న ఆశ అంతా తీరింది, అబద్ధమెందుకు.

కానీ పరీక్ష అయిన మర్నాడు, ఆ సోమవారమే మామగారు, ఇక మీదట ఈ ఇంట్లో కూడికలు ఉండవని, మా అత్తగారు ఇంకొకరి ఇంట్లో కూడికకు వెళ్లడానికీ వీల్లేదని తేల్చి చెప్పారు. కోపంగా కూడా అనలేదు, పేపరు చూస్తూనే అన్నారు. నాకు తలుపు తీసిన మనిషికి ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోయింది. మావారూ నేనూ చేతనైనంత బతిమాలాం, ఆయన వింటే గదా. శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిడ ఉపవాసముండి, ఆ గదిలో ఒక్క చాప పరుచుకుని ఒక్కరే కూర్చునేవారు.

మామగారు పోయాక మేం కార్ఖానాకు మారాం. అప్పటికి కూడికలో ఆడవాళ్లు కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. మా అత్తగారిని ఎక్కడికైనా తీసుకెళతాను రమ్మంటే, ఇప్పుడెందుకమ్మా, మోకాళ్ల తక్లీఫు అనేవారు. సెలవురోజు మధ్యాహ్నాల్లో మాత్రం నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకుని, "అప్పటి మాటలు జెర చెప్పు బిడ్డా," అనేవారు. నేను ఆబ్లో దగ్గర మొదలుపెట్టి అన్ని వరుసలూ చెప్పేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. ఆనాడు అది పాఠమని ఆవిడకు తెలిసే లేచారో, నిజంగానే ప్రభువు పలికించాడో నాకు ఇప్పటికీ తెలియదు, ఆవిడ చెప్పలేదు. ఒకసారి మాత్రం చనువుకొద్దీ, "అర్థం చెప్పరా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "అర్థం చెప్పనిచ్చింది ఆ ఒక్కనాడే గద బిడ్డా," అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలు వెళుతున్నామని చెప్పి వెళతారే గాని, వెళ్లమంటారా అని అడిగి వెళ్లరు. నాకు అలాగే ఇష్టం. ఆ పాతరోజులే బాగుండేవని నేను చచ్చినా అనను. ఆవిడను తలుచుకుంటే మాత్రం ఒక్క సంగతి నన్ను వదలదు. నా పరీక్ష కోసం దేవుడి చేత ఆదివారాన్ని ఇప్పించిన మనిషికి, తల్లిని కడసారి చూసుకోవాల్సిన రోజున అలా లేచి నిలబడి అర్థం చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేకపోయారు.