ఖాళీ గిన్నె తిరిగివ్వని మేడమ్

ఈ ఉదయం పక్కింటి దూబేగారి భార్య మా స్టీలు గిన్నె తిరిగి ఇచ్చి వెళ్ళింది. మూత తీయగానే శెనగపిండి, వాము, వేడి నూనె కలిసిన వాసన గుప్పుమంది. లోపల కరకరలాడే ఠేఠరీలు. మొన్న నేను ఆ గిన్నెలో గోంగూర పచ్చడి పంపాను, ఇవాళ ఇలా తిరిగొచ్చింది. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు మాత్రం నాది కాదు. ‘కె. పార్వతి’ అని ఉంటుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎన్ని వంటిళ్ళు తిరిగిందో గానీ, చివరికి మా ఇంట్లో ఆగింది. ఠేఠరీ ఒకటి నోట్లో వేసుకుని, ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. సైన్సు అంటే ఏమిటో నాకు చెప్పిన మనిషి పేరు అది.

పార్వతి మేడమ్ మా ఊరి కాలేజీలో జువాలజీ చెప్పేవారు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి, ఇక్కడి లోకో షెడ్డులోనే రిటైరయ్యారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ క్వార్టర్లలోనే. పాఠం హిందీలో, బేరం ఛత్తీస్‌గఢీలో, కోపం తెలుగులో. క్వార్టర్లలో ఒక కట్టుబాటు ఉండేది. పక్కింటివాళ్ళు ఏదైనా గిన్నెలో పెట్టి పంపితే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపాలి. మా అమ్మా పాటించేది, ఒడియా వాళ్ళూ, బెంగాలీ వాళ్ళూ పాటించేవారు. అయితే ఆ కట్టుబాటును వంటింటి గడప దాటించి సైన్సు దాకా తీసుకెళ్ళిన మనిషిని మాత్రం నేను ఆవిడనొక్కరినే చూశాను.

నేను ఆవిడ దగ్గర పరిశోధనకు చేరిన కొత్తలో, ఒకసారి ల్యాబ్‌లో తన కాలపు పద్ధతులు చెప్పారు. అప్పట్లో ఎవరి పేపరైనా చదవాలంటే రాసినవాళ్ళకే ఒక కార్డు ముక్క రాసేవారట. వాళ్ళు తమ పేపరు అచ్చుప్రతిని పోస్టులో ఊరికే పంపేవారట. మేడమ్ వయసులో ఉండగా మన అడవి కోసా పట్టుపురుగు జబ్బు మీద ఒక పేపరు రాశారు. దానికోసం ఎక్కడెక్కడి దేశాల నుంచో కార్డులు రైల్వే క్వార్టరుకు వచ్చేవట. వాళ్ళ నాన్నగారు ఆ స్టాంపులు షెడ్డుకు తీసుకెళ్ళి అందరికీ చూపించేవారట. అడిగిన ప్రతి ఒక్కరికీ మేడమ్ ప్రతి పంపారు. చివరి పేజీ అడుగున పెన్నుతో ఒక వాక్యం రాసి మరీ పంపారు: “మీరు చదివాక, మీ దగ్గర కనిపించింది నాకు రాయండి.”

“రాశారా మేడమ్?” అని అడిగాను.

“కొందరు రాసేరు. కొందరున్నారు, గిన్నె కూడా తిరిగివ్వరు,” అని నవ్వేశారు.

ఆ మాటలు నాకు అప్పుడు ముచ్చటగా అనిపించాయి, అంతే. వాటి బరువు తెలిసింది ఆవిడ రిటైరై లింగియాడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాక, ఒక వర్షాకాలం మొదట్లో. బెల్తరా వైపు నుంచి బిసాహిన్ బాయి అనే ఆవిడ బస్సు దిగి వచ్చింది. ఆమెది కౌహా చెట్ల మీద కోసా పురుగులు పెంచే కుటుంబం. మన వైపు తెల్లమద్ది అంటామే, అదే కౌహా. గుడ్డసంచిలోంచి ఎండిపోయిన పురుగులు కొన్ని తీసి అరుగు మీద పెట్టి, “కీరా మన్ మర్ గే, మేడమ్‌జీ,” అంది. పురుగులన్నీ చచ్చిపోయాయని. కిందటి పంట మొత్తం పోయింది. విత్తనానికి అట్టేపెట్టిన పట్టుగూళ్ళు మాత్రం ఇంట్లో దండలుగా వేలాడుతున్నాయి. ఒకటి రెండు రోజుల్లో వాటిలోంచి రెక్కలొచ్చిన పట్టుచిలకలు బయటికి వస్తాయి, గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలో కూడా జబ్బు ఉంటే ఈ పంటా పోతుంది. పోతే ఇంటిల్లిపాదీ ఇటుక బట్టీలకు వలస వెళ్ళాల్సిందే. ఆమె ఏడవలేదు. మేడమ్ ఏం చెబుతారా అని ఆవిడ ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

ఆ జబ్బు తల్లి నుంచి గుడ్డుకు వస్తుంది. గుడ్లు పెట్టిన తల్లి చిలకను నలిపి, ఆ రసం చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తే, జబ్బు ఉన్నదైతే మెరిసే గింజల్లాంటివి కనిపిస్తాయి. అలాంటి తల్లి గుడ్లను కాల్చేయాలి. అయితే వెంటనే చూస్తే అవి కనపడవు. కొన్నాళ్ళు ఆగాలి. మరీ ఆగితే చిలక కుళ్ళిపోయి ఏమీ తెలియదు. ఎంత ఆగాలి అన్నదే మేడమ్ పేపరులోని అసలు విషయం.

“ఎన్నాళ్ళు మేడమ్?” అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించారు. “గుర్తున్నట్టే ఉంది. అలా అనుకుని చెప్పీస్తే, తప్పయితే వీళ్ళ పంట పోద్ది. పేపరు చూసి చెప్పాలి.”

చూడ్డానికి పేపరు ఏదీ? ఆవిడ దగ్గరున్న ప్రతులు క్వార్టరు ఖాళీ చేసేనాటికే చెదలు తినేశాయి. కాలేజీ లైబ్రరీలో ఆ పేపరు అచ్చయిన పత్రిక పాత సంచికలు ఎప్పుడో అటకెక్కి, ఆ తర్వాత చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. నా లాప్‌టాప్ తెరిచి వెతికాం. ఆ పత్రిక ఏనాడో ఒక పెద్ద విదేశీ సంస్థ చేతికి వెళ్ళిందట. పాత సంచికలన్నీ శుభ్రంగా స్కాన్ చేసి పెట్టారు. మేడమ్ పేపరు శీర్షిక కనిపించింది, దాని కింద ఆవిడ పేరు, ఆ కింద నాలుగు వాక్యాల సారాంశం. ఆపైన తాళం బొమ్మ, ధర, కార్డు నంబరు అడిగే గళ్ళు.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చదివి, కడుపు పట్టుకుని నవ్వారు. “ఏటే ఇది? నా ఇంట్లోకి నేనెళ్ళడానికి టికెట్టు కొనుక్కోవాలట.”

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పురుగులు బిసాహిన్ వాళ్ళవి, కష్టం మేడమ్‌ది, తాళం ఇంకెవడిదో. ఆ సంస్థను ఏడు తరాల దాకా తిట్టాను. మేడమ్ అంతా విని, “తలుపు పెట్టినోడికీ ఖర్చుంటాదే, కాదనను. చెదలు తినకుండా దాచింది వాడే కదా. కానీ అవతల నిలబడింది ఎవరో వాడికి కనపడదు. అదీ చిక్కు,” అన్నారు.

“నేను కట్టేస్తాను మేడమ్,” అని పర్సు తీశాను.

“నువ్వు కడతావు, నేనూ కట్టగలను. రేప్పొద్దున్న ఇంకో ఊరి బిసాహిన్ వస్తే? రేపు ఉదయం దాకా ఆగుదాం. చిలకలింకా రాలేదు కదా. అప్పటికీ పేపరు దొరక్కపోతే కడదాం. అడగందే అమ్మయినా పెట్టదు. ముందు అడిగి చూద్దాం.”

“ఎవర్ని అడుగుతారు? రాసింది మీరే కదా.”

“నా కాడ తీసుకున్నోళ్ళని.”

ఆ మధ్యాహ్నం ఆవిడ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎప్పుడో తనకు కార్డులు రాసిన మనుషుల పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పారు. స్టాంపు మీద బొమ్మతో సహా చెప్పారు. నేను వెతికాను. చాలామంది పోయారు. కొందరి చిరునామాకు పంపిన మెయిల్ వెంటనే తిరిగొచ్చింది. మిగిలిన కొద్దిమందికి మేడమ్ చెబుతుంటే నేను రాశాను. తానెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఫలానా ఊళ్ళో ఫలానా ఆవిడ విత్తనం దీని మీద ఆధారపడి ఉందని బిసాహిన్ పేరు కూడా రాయించారు. నాకు నమ్మకం లేదు. ఏ కాలంలోనో పోస్టులో వెళ్ళిన నాలుగు కాగితాలు ఇంకా ఎవరింట్లో ఉంటాయి?

తెల్లారి టీ తాగుతుండగా జవాబు వచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఉన్న, మేడమ్ కంటే చాలా పెద్దాయన పంపారు. రిటైరై చాలా కాలమైందట. ఇల్లు మారినప్పుడల్లా కాగితాలు పారేస్తూ వచ్చాననీ, ఈ ఒక్కదాన్ని మాత్రం పారేయలేకపోయాననీ రాశారు. చివరి పేజీ అడుగున ఒక అమ్మాయి చేతిరాతతో తననేదో అడిగిందట. తాను జవాబు రాయలేదట. జవాబు బాకీ ఉన్న కాగితాన్ని పారేయడానికి చేతులు రాలేదట. ఆలస్యానికి క్షమించమన్నారు.

మెయిల్‌తో పాటు ఆయన పంపిన పేజీలు తెరిచాను. మేడమ్ పేపరు, మొదటి నుంచి చివరి దాకా. అంతేకాదు, మార్జిన్ల నిండా పెన్సిల్‌తో సన్నటి రాతలు. తమ దేశంలో వేరే పురుగుకు ఇదే రకం జబ్బు వచ్చినప్పుడు తాను చూసిందంతా మేడమ్ రాసిన వాక్యాల పక్కనే రాసుకున్నారు. ఒకచోట అడుగున గీత గీసి ఉంది: వాన చల్లదనంలో ఆ గింజలు ఆలస్యంగా బయటపడతాయి, అలాంటప్పుడు ఇంకొంచెం ఆగి చూడాలి. మేడమ్ లెక్క పొడి ఎండలో కట్టింది. ఆ ఏడు మాకు వాన ముందే దిగింది, ఇళ్ళన్నీ చల్లబడిపోయి ఉన్నాయి. ఆ పెన్సిల్ రాత లేకపోతే, మేడమ్ సొంత పేపరు చేతిలో ఉండి కూడా మేం తొందరపడేవాళ్ళం.

మేడమ్ చివరి పేజీ దగ్గర ఆగిపోయారు. కింద తన చేతిరాత, గుండ్రటి అక్షరాలు. పైట కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

“గిన్నె తిరిగొచ్చిందే,” అన్నారు మెల్లగా. “నిండుగా వచ్చింది.”

మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బిసాహిన్ ఊరు వెళ్ళాం. చిలకలు వచ్చాయి, గుడ్లు పెట్టాయి. మామూలుగా చూసే రోజున చూస్తే చుక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి. బిసాహిన్ ముఖం వికసించింది. మేడమ్ తల అడ్డంగా ఊపి, “అభీ నహీ, బాయి,” అన్నారు. ఇంకొంచెం ఆగి మళ్ళీ చూశాం. శుభ్రం అనుకున్నవాటిలో చాలా తల్లుల్లో ఆ మెరిసే గింజలు బయటపడ్డాయి. వాటి గుడ్లను బిసాహిన్ తన చేత్తోనే పొయ్యిలో వేసింది. మిగిలినవి తక్కువే. కానీ ఆరోగ్యమైనవి.

తర్వాత ఒక పగలు బిసాహిన్ వాళ్ళ కౌహా తోపులోకి వెళ్ళినప్పుడు, ఆకాశం నిర్మలంగా ఉంది గానీ సన్నటి చినుకుల చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూశాను. కౌహా కొమ్మల నిండా ఆకుపచ్చటి లావుపాటి పురుగులు ఆకులు నములుతున్నాయి. ఆ చప్పుడే అది. ఒక చలిదేశపు పెద్దాయన పెన్సిల్ గీత, ఒక రైల్వే క్వార్టరు అమ్మాయి పెన్ను రాత, ఇక్కడ బెల్తరా పక్కన చెట్టు మీద బతికి ఆకు తింటున్నాయి. గుళ్ళో కూడా నాకు అంత భయభక్తులు ఎప్పుడూ కలగలేదు. బిసాహిన్ వాళ్ళు ఆ ఏడు బట్టీలకు వెళ్ళలేదు.

ఇంటికి రాగానే మేడమ్ లాప్‌టాప్ తెరవమన్నారు. “అలిసిపోయారు, రేపు చూద్దాం,” అంటే వినలేదు. “ఆయన పెట్టింది తినీసి ఊరుకుంటామేటి? ఇక్కడ ఏటి జరిగిందో రాయి. ఖాళీ గిన్నె ఎలా పంపిస్తాం?” అన్నారు. చల్లటి వానలో మన పురుగుకు ఎంత ఆగాల్సి వచ్చిందో, ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో అన్నీ రాయించారు. ఆ పెద్దాయన పొంగిపోయి జవాబు రాశారు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఉన్నన్నాళ్ళూ ఒకరికొకరు ఏదో ఒకటి పంపుకుంటూనే ఉన్నారు.

ఆ అనుభవం మీద తర్వాత నేను పేపరు రాశాను. పేరున్న పత్రిక తీసుకుంటానంది. అయితే తాళమైనా వేస్తుంది, లేదా తెరిచి ఉంచాలంటే నా దగ్గరే పెద్ద మొత్తం అడుగుతుంది. అప్పట్లో నా ఉద్యోగం ఆ పత్రిక పేరు మీదే వేలాడుతోంది. మేడమ్ ఔననలేదు, కాదనలేదు. నేనే రెండు రోజులు నిద్రపోకుండా ఆలోచించి, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని ఒక చిన్న పత్రికకు పంపాను. ఇంటర్వ్యూలో ఒకాయన ఆ చిన్న పత్రిక పేరు చూసి పెదవి విరిచాడు. ఉద్యోగం ఆలస్యంగానే వచ్చింది. ఆ ఆలస్యం నాకు కష్టంగానే గడిచింది, దాచడం దేనికి? కానీ పేపరు వచ్చిన రోజు బిసాహిన్ ఫోనులో దాన్ని తెరిచి చూపించాను. పేజీ ఏమీ అడక్కుండా తెరుచుకుంది. కింద కృతజ్ఞతల్లో ఉన్న ఆమె పేరును వేలితో చూపించాను. ఇంకా ఏదో నొక్కాలేమో, ఏదో కట్టాలేమో అని కాసేపు ఎదురుచూసి, “బస్, అతకే?” అంది. అంతేనా అని. మేడమ్ పక్కనే ఉన్నారు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదే ఆఖరుసారి.

ఆవిడ పోయాక ఇంట్లో సామాను పంచుతుంటే, నేను అడిగింది ఈ గిన్నె ఒక్కటే. ఆవిడ పేపరుకు ఆ తాళం ఇవాళ్టికీ అలాగే ఉంది. ధర మాత్రం పెరిగింది. ఇలాగే ఉంటుందని తెలిసే, ఆవిడ బతికుండగానే సంస్థకు రాసి ఆ పేజీలో తన పేరు పక్కన నా మెయిల్ పెట్టించారు, అడిగినవాళ్ళకు నన్ను పంపమన్నారు. ఈ ఉదయం ఠేఠరీ తింటూ మెయిల్ చూస్తే, ఎక్కడో అడవి జిల్లా కాలేజీలో చదివే ఒకమ్మాయి నుంచి ఉత్తరం ఉంది. పేపరు కొనలేకపోతున్నాననీ, అడగడం తప్పయితే మన్నించమనీ రాసింది.

పెన్సిల్ రాతలతో సహా పేజీలన్నీ పంపాను. చివరి పేజీ అడుగున మేడమ్ వాక్యం ఎలాగూ ఉంది. అయినా మెయిల్లో నా చేత్తో మళ్ళీ రాశాను: మీరు చదివాక, మీ దగ్గర కనిపించింది నాకు రాయండి.