వేషం మార్చిన తాత

నిన్న ఫోనులో ఒక అమెరికా సినిమా చూస్తుంటే చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ గద్దముక్కు నటుడు తెరమీద మళ్ళీ చచ్చిపోయాడు. అంత ముసలివాడైనా పని మానలేదు. వెంటనే నా ముక్కుకు మా తాత తడి వల వాసన తగిలింది.

భోగాపురం దగ్గర మా పల్లెలో, చిన్నప్పుడు ప్రతి ఆదివారం టీవీలో తెలుగు మాటలతో ఇంగ్లీషు సినిమా చూసేవాళ్ళం. ఈ నటుడే ఒక వారం చచ్చిపోయి, మరుసటి వారం పోలీసుగానో డాక్టరుగానో తిరిగొచ్చేవాడు.

"ఈడు మొన్న సచ్చిపోనాడు కదా తాతా?" అని అడిగాను ఒకసారి.

ఎడమకాలి వేళ్ళ మధ్య వల బిగించి కుట్టుకుంటున్న తాత నవ్వాడు. "సావడమేటే పిచ్చిదానా! ఏసం మార్సీసినాడు."

ఆ ఏడే తాత పోయాడు. మోసుకెళ్తుంటే కళ్ళారా చూశాను కానీ ఏడవలేదు. ఇంటికొచ్చిన ప్రతి ముసలాయన్నీ అనుమానంగా చూస్తూ కూర్చున్నాను. పదోరోజున పొరుగూరి గడ్డపు ముసలాయనొకరు గుమ్మం దగ్గరున్న చినిగిన వల అందుకుని, ఎడమకాలి వేళ్ళ మధ్య బిగించి కుట్టడం మొదలుపెట్టాడు. మా పల్లెలో అలా కుట్టేది తాత ఒక్కడే.

దగ్గరికెళ్ళి చెవిలో అన్నాను. "తాతా, నాకు తెలిసిపోనాది. ఏసం తీసీ."

ఆయన చేయి ఆగిపోయింది. "నాను మీ తాతని కానమ్మా. ఈ పని నాకు నేర్పినోడు ఆడే."

నమ్మలేదు. సాయంత్రం ఆయన బస్సెక్కేదాకా వెనకాలే నడిచాను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి కన్నుకొడతాడనుకున్నాను.

ఆ నటుడు ఇంకో సినిమాలో లేచి వస్తాడు, తాత మాత్రం రాలేదు. అందుకే ఆ నటుడంటే నాకిప్పటికీ ఒళ్ళుమంటే.