పిన్నులు కొట్టిన పేజీలు

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్లే షేర్ ఆటోలో మా లెక్కల మేడం ఎప్పుడూ ఒకటే నవల చదివేవారు. అందులో ఒక రాజనర్తకి, యుద్ధానికి వెళ్లిన సేనాపతి కోసం ఎదురుచూస్తుంటుంది. పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు ఆటో ఎక్కుతూనే, "మేడంగారూ, సేనాపతి వచ్చాడా?" అని అడిగేవారు.

"ఇంకా గుర్రం మీదే ఉన్నాడమ్మా" అనేవారు ఆవిడ.

చివరి పది పేజీలకు స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉండేవి. ఎందుకని నేను అడిగితే, "యుద్ధంలో చచ్చిపోతాడమ్మాయ్, చదవలేను" అన్నారు.

ఒకసారి మేడంని అడిగి పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, ఆగలేక ఆ పిన్నులు ఊడదీశాను. సేనాపతి చావలేదు. నిక్షేపంలా తిరిగొచ్చి రాజుగారి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు! గుట్టుగా కొత్త పిన్నులు కొట్టి, మర్నాడు ఆటోలో ఇచ్చేశాను. మేడం ఆ కొత్త పిన్నుల్ని వేలితో తడిమారు.

"చూశావుగా?" అన్నారు గొంతు తగ్గించి. "అందుకే చదివిన ప్రతిసారీ వాణ్ణి యుద్ధంలోనే చంపేస్తున్నా."

అంతలో ఎదురుగా కూర్చున్న ముసలమ్మ నన్నడిగింది. "నువ్వూ చదివినట్టున్నావుగా, ఆఖరికి ఏమయ్యాడమ్మా ఆ సేనాపతి?"

మేడం నా వైపే చూస్తున్నారు.

"యుద్ధంలో పోయాడమ్మా, పాపం" అన్నాను.

"అయ్యో, ఎంత మంచోడో!" అంది ముసలమ్మ.

మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వణికిపోయారు. ఏడుస్తున్నారనుకుని ఆటో అంతా ఆవిణ్ణి ఓదార్చింది.