మందులు పనిచేయట్లేదని పేపర్లో వేస్తున్నారట

యాంటీబయాటిక్ మందులకు క్రిములు లొంగడం లేదని రాసిన నా పరిశోధనను ఈ మధ్యాహ్నం ఒక మెడికల్ జర్నల్‌కి పంపాను. సంతోషం పట్టలేక కాలేజీ నుంచే నాన్నకి ఫోన్ చేసి, "మందులు పనిచేయట్లేదని పేపర్ పంపాను" అన్నాను. నాన్న ఆ మాటని అలాగే వీధంతా చెప్పాడు.

సాయంత్రం నల్లపాడులో ఇంటికొచ్చేసరికి, పక్కింటి సుబ్బారావు బాబాయ్ ఖాళీ పురుగుమందు డబ్బాతో వరండాలో కూర్చుని ఉన్నాడు.

"పేపర్లో వేయిస్తున్నావంట గదమ్మా, దీని పేరు కూడా రాయి. ఎన్నిసార్లు కొట్టినా మిరపతోటలో ఒక్క పురుగూ చావలా."

"ఆ మందులు కాదు బాబాయ్, మనం వేసుకునే మాత్రలు."

బాబాయ్ నవ్వేశాడు. "అవెందుకు పనిచేయవమ్మా? మొన్న డాక్టరు వారం వాడమన్నాడా, రెండ్రోజులకే జ్వరం తగ్గిపోయింది. మిగిలినవి మీ పిన్నికి పనికొస్తాయని దాచా."

నా పేపరంతా అదే. క్రిములు మొండికెక్కేది అలా సగంలో ఆపేసే చోటే. ఆయనకి అది నచ్చజెప్పి పంపించి, లోపలికెళ్ళి మా మందుల డబ్బా తెరిచాను. అన్నీ సగం వాడిన స్ట్రిప్పులే. వాటిలో ఒకటి నాదే.

మీ డబ్బా కూడా ఒకసారి తెరిచి, ఏం కనిపించాయో నిజం చెప్పండి.