పాట ఒంటికి అంటని ఏడాది

మా ఆయనకు అడగడం చేతకాదు. పెళ్లయిన కొత్తలోనే ఒక పద్ధతి పట్టుకున్నారు. శనివారం మధ్యాహ్నం అత్తగారు చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లగానే, ముందు గదిలో ఒక పాత సినిమా యుగళగీతం పెట్టేవారు. వయొలిన్లు మొదలయ్యేసరికి నాకు మెడ వెనక వెచ్చబడేది. తోముతున్న గిన్నె అలాగే వదిలేసి వచ్చేదాన్ని. పదకొండేళ్లలో ఆ పాట గురించి ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నిరుడు నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఎన్నో ఏళ్లకు నిలిచిన మొదటి గర్భం. తర్వాత కొన్ని వారాలు నేను తల కూడా దువ్వుకోలేదు. అక్క వచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర మానసిక వైద్యురాలికి చూపించింది. మాత్రలు రాశారు. రెండు నెలలకు ఏడుపు ఆగింది. పటమటలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. కోలుకున్నానని అందరూ అన్నారు.

అప్పుడొక శనివారం ఆయన పాట పెట్టారు. నేను వంకాయలు కోస్తున్నాను. వయొలిన్లు వచ్చాయి, పల్లవి వచ్చింది, చరణం వచ్చింది. పక్కింటి మోటారు వినిపించినట్టే అన్నీ వినిపించాయి. చెయ్యి తుడుచుకుని వెళ్లాను, వెళ్లాలి కాబట్టి. ఆయన దగ్గరకు తీసుకున్నది తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఏమీ కావడం లేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుంది, తుడవాలి అనుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంకో నాలుగు శనివారాలు అలాగే గడిచాయి.

చర్చి కోయిర్లో ఆడవాళ్లలో నేను కింది స్థాయి గొంతు పాడతాను. మాకు పాటలు నేర్పే పెద్దావిడ ఒకరోజు ప్రాక్టీసు మధ్యలో నన్ను ఆపారు.

“శ్రుతి తప్పట్లేదమ్మా. తాళం కూడా బానే ఉంది. కానీ పాడుతున్నట్టు లేదు.”

“మరెలా ఉందండీ?”

“బళ్లో హాజరు పలికినట్టుంది.”

నలుగురిలో అలా అంటే బాధ వెయ్యాలి. వెయ్యలేదు.

మరుసటి నెల డాక్టరమ్మ దగ్గర, అడగాలనుకున్న సంగతి నోటికి రాలేదు. “పాటలు వింటే ఏమీ అనిపించట్లేదండీ” అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

“మరి ఇంట్లో ఆయనతో దగ్గరగా ఉన్నప్పుడు?”

“అప్పుడూ అంతేనండీ.”

“ఈ మందు కొందరికి అలా చేస్తుందమ్మా. రెండూ మొద్దుబారతాయి. నేను ముందే చెప్పాల్సింది. నెమ్మదిగా తగ్గిద్దాం. మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యొద్దు.”

ఆయన కింద బండి మీద కూర్చుని ఉన్నారు. వెనక ఎక్కాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆయన వీపుకేసి చూస్తూ మొత్తం చెప్పేశాను. ఎదురుగా అయితే చెప్పలేకపోయేదాన్ని.

“తెలుసు” అన్నారు.

“ఎప్పట్నించి?”

“మొదటిసారప్పుడే. నువ్వు ఫ్యాను చూస్తున్నావ్.”

“మరి మళ్లీ మళ్లీ ఎందుకు పెట్టారు?”

“ఈసారన్నా నీకు బావుంటుందేమోనని.”

వెనకవాళ్లు హారన్ కొట్టారు. బండి కదిలింది.

ఆయన పాట పెట్టడం మానేశారు. నన్నేమీ అనలేదు, ముభావంగానూ లేరు. మందు సగానికి తగ్గిన మూడో వారం, ఆదివారం భోజనాల దగ్గర అన్నం వడ్డిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పోయిన బిడ్డకు పేరన్నా అనుకోలేదని గుర్తొచ్చింది. గరిటె పట్టుకునే ఏడ్చాను. అత్తగారు కంగారుపడి, మళ్లీ మొదలైందంటూ డాక్టరుకు ఫోన్ చెయ్యమన్నారు.

“ఉండమ్మా. ఏడవనీ” అన్నారు ఆయన. లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు. అరచెయ్యి చెమటగా ఉంది. అంతవరకే తెలిసింది, ఇంకేమీ కలగలేదు. అయినా తియ్యమనలేదు.

సగం మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను.