క్యాథ్‌ల్యాబ్‌లో మల్లన్న గొంతు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొచ్చేది. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా ఫిట్టర్‌గా చేస్తున్నాను. పైపు కారిందంటే ఏదో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా బుర్ర పనిచేసే తీరు అంతే.

మా దగ్గర షిఫ్టు దిగగానే బెల్లం ముక్క చప్పరిస్తారు. ఛాతీలో చేరిన పొడి, ఘాటు దిగిపోతాయని నమ్మకం. పోయిన ఏడు ఒక పొద్దున ఛాతీ బరువెక్కితే నేనూ బెల్లమే తిన్నాను. చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగుతున్నా కూర్చునే ఉన్నాను. సూపర్‌వైజర్ నాలుగు తిట్టి, కంపెనీ బండిలో ముత్తంగి దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ చూసిన వెంటనే నన్ను క్యాథ్‌ల్యాబ్ బల్ల ఎక్కించారు.

మణికట్టుకే మత్తిచ్చారు. నాకు పూర్తిగా తెలివుంది. కుడి చేతిలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పోయింది. మందు వదలగానే నా రక్తనాళాలు తెరమీద నల్లగా కనిపించాయి. ఒకటి మూసుకుపోయి ఉంది. డాక్టరమ్మ వెంట్రుకంత తీగను అందులోంచి దాటించి, బుడగతో వెడల్పు చేసి, స్టెంట్ కూర్చోబెట్టింది. పైపు విప్పకుండా లోపలినుంచే బాగుచేయడం! అంత చక్కటి చేతిపని నా సర్వీసులో చూడలేదు. నొప్పి పోయింది. అయిపోయిందన్నారు.

అప్పుడు ఎడమ చెవి దగ్గర ఒక గొంతు వినిపించింది. "గంతటితోనే ఇడ్వకు రాములూ. జెర కిందికి సూడుమను."

అది మల్లన్న గొంతు. నాకు పని నేర్పిన పెద్ద ఫిట్టర్. ఆయన చనిపోయి అప్పటికి మూడేళ్లు.

"మేడం, కిందికి ఇంకొకటున్నది. జెర సూడుండ్రి" అన్నాను. నిజానికి తెరమీద నాకేమీ కనిపించలేదు. ఆమె నవ్వలేదు. కెమెరా పక్కకు తిప్పి మళ్లీ మందు వదిలింది. ఒక వంపు చాటున ఇంకో ఇరుకు బయటపడింది. దానికీ స్టెంట్ వేసింది. ఒక ఫిట్టర్ మాట లెక్కచేసిన ఆ తల్లికి చేతులెత్తి మొక్కాలి.

నీకెలా తెలిసిందని తర్వాత అడిగింది. నా ఎడమవైపు ఎవరున్నారని నేను ఎదురడిగాను. అక్కడ ఎవరూ నిలబడలేదని టెక్నీషియన్ చెప్పాడు.

నాకు భయం వేయలేదు, సిగ్గేసింది. మల్లన్న ఛాతీ నొప్పితో పోయిన రోజు పక్కనున్నది నేనే. "గ్యాస్ అన్నా" అంటూ చేతిలో బెల్లం పెట్టి కూర్చోబెట్టింది నేనే. ఆస్పత్రి మాటే ఎత్తలేదు. ఆ సంగతి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చిన వారానికి, కొండాపూర్ మండలంలోని వాళ్ల ఊరికి పోయి ఆయన భార్యకు అన్నీ చెప్పేశాను, బెల్లం సంగతితో సహా. వదిన కళ్లు తుడుచుకుని, "పని సగంల ఇడిసిపెట్టే మనిషేనా తమ్మీ ఆయన?" అంది. లేచి నాకు అన్నం వడ్డించింది.

ఆ గొంతు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. నేను ఆయనకు చెయ్యనిది, ఆయన నాకెందుకు చేశాడో అంతకన్నా తెలియదు.