రెక్క మీద పడిన వేలు

తుడవకుండా రంగు వెయ్యడమనేది కేశవులు చేతికి తెలియదు. హోసూరు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు బండ్ల పెట్రోలు ట్యాంకులకు రంగు కొట్టినవాడు. గుడ్డను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచాలి, రేకును తుడవాలి, ఆ తర్వాతే రంగు. రిటైరై ఆరేళ్లయినా ఆ వరస పోలేదు. ఆ మంగళవారం పొద్దున, మూకండపల్లిలో తన మిద్దె మీద కూర్చున్నప్పుడూ చెయ్యి దానంతటదే గుడ్డను ముంచింది. తుడిచింది మాత్రం రేకును కాదు, ప్లాస్టిక్కును.

అది జయరామ్ చేసిన విమానం. పక్క వీధి జయరామ్ ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. ఒకప్పుడు తాను నట్లు బిగించిన యుద్ధవిమానానికి విడిముక్కలుగా వచ్చే మూరెడు నమూనా తెప్పించుకుని, కళ్లకు పొర కమ్ముతున్నా ముక్కముక్కనూ వేళ్లతో తడుముకుంటూ ఎనిమిది నెలలు అతికించాడు. శత్రువు కంటబడకుండా వేసే ఆకుపచ్చ, మట్టిరంగు పట్టీలు మాత్రం చూపు లేనిదే పడవు. కంటి ఆపరేషన్‌కని బెంగళూరులో కూతురింటికి పోతూ, విమానాన్నీ రంగు డబ్బాలనూ కేశవులు చేతిలో పెట్టాడు.

“కట్టు విప్పినాక మొదట దీన్నే చూడాలప్పా. నువ్వు కాబట్టి ఇస్తాండా.”

థిన్నర్ తగలగానే ఎడమ రెక్క మైనంలా మెత్తబడింది. కేశవులు ఉలిక్కిపడి వేలు తీసేసరికి బొటనవేలి గీతలు రెక్క మీద అచ్చుపడి ఉన్నాయి. ఆరబెట్టి ఎమరీ కాగితంతో రుద్దితే గీతలు పోయాయి గానీ గుంట మిగిలింది. ఇంకా రుద్దితే రెక్కే చిల్లిపడేట్టుంది.

రెండు దినాలు విమానం జోలికి పోలేదు. వీధిలో ఆటో ఆగితే జయరామే దిగినాడేమోనని మిద్దె మీది నుంచి తొంగిచూసేవాడు.

“ఏమయ్యా, బొమ్మకు రంగేసేదానికి ఇంత వణుకా?” అంది భార్య అలివేలు.

“బొమ్మ కాదే అది. వాని కండ్లు.”

“ఉండేది చెప్పేస్తే పోదా?”

“ఎట్ల చెప్పేది? ముప్పై ఒక్క ఏండ్లు రంగు కొట్టిన కేశవులుకు తుడిచేది తెలీదనా?”

మూడోనాడు ఉపాయం తట్టింది. అలివేలు కలిపిన చపాతీ పిండిని పాములా ఒత్తి, రెండు రంగులూ కలిసే వంపు సరిగ్గా ఆ గుంట మీదుగా పోయేలా, ఒక రంగు ఇంకోదానిలోకి పాకకుండా, రెక్కకు అంటించాడు. రంగు ఆరి, పిండి ఊడదీశాక చూస్తే గుంట యాడుందో తనకే దొరకలేదు. దొరకకపోయేసరికి, ఇప్పుడిది మోసమే అయిందని భయం ఇంకా పెరిగింది.

ఆదివారం జయరామ్ నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి, విమానాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు.

“అబ్బ! అడివిలో పెడితే నాకే కనపడదు గదప్పా!”

కేశవులు ఊపిరి వదలబోయాడు. అంతలో జయరామ్ బొటనవేలు, ఎనిమిది నెలల అలవాటు కొద్దీ, ఎడమ రెక్క పొడుగునా నడిచింది. నడిచి, ఒకచోట ఆగింది.

“ఈడ ఏమైంది?”

ఇంక వీడు నా గడప తొక్కడు అనుకున్నాడు కేశవులు.

“థిన్నర్‌తో తుడిచినాను. దాచిపెట్టినాను.”

జయరామ్ విమానం నిలబెట్టే చెక్కపీటను బోర్లించి, జేబులోంచి పెన్సిల్ తీశాడు.

“మా ఎయిర్‌ఫోర్సులో దెబ్బ తగిలించినోడే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాల. రాసినోన్ని ఎవరూ ఏమనేవాళ్లు కాదు. దాచినోన్ని మాత్రం మళ్లీ విమానం తాకనిచ్చేవాళ్లు కాదు. రాయి.”

‘ఎడమ రెక్క, పైన, గుంట. కేశవులు’ అని రాసేసరికి మూడుసార్లు పెన్సిల్ జారింది.

జయరామ్ దాన్ని కొత్త కంటికి దగ్గరగా పట్టుకుని చదివాడు. “థూ, ఇంత వంకర రాతా? కండ్లొచ్చి ఇదా నేను చూడాల్సింది!” అని పీటను తిప్పి పెట్టాడు. “చక్రాలకు రంగు మిగిలిపోయింది. రేపు మా ఇంటికొచ్చి వెయ్యి. ఆ థిన్నర్ మాత్రం ఈడనే పెట్టి రాప్పా.”

విమానం పట్టుకుని అతను మెట్లు దిగిపోయాక, కేశవులు థిన్నర్ డబ్బా మూత బిగించి మిద్దె మూలకు తోశాడు.